జవాబిచ్చిన చోటికి

సఫీ ఊళ్ళో కుమ్మరి దిబ్బ మీద పొద్దున పూట గాలి ఉప్పగా ఉంటుంది. కుండలు కాల్చే ఆవాల్లో పొగ లేస్తూ ఉంటుంది. కింద రేవులో చేపల డబ్బాల కార్ఖానా కూత కూసిందంటే, ఆ కూతతో పాటు చేపల కంపు కూడా మెట్లెక్కి పైకి వస్తుంది. అప్పట్లో ఆ దిబ్బ మీద నలభై ఆవాలు ఉండేవి. నలభైమంది కుమ్మర్లు ఉండేవాళ్ళు. కానీ బుషాయిబ్ ఒక్కడే.

అతను సారె ముందు కూర్చుంటే రోజుకి నూటయాభై కూజాలు లేచేవి. నూటయాభై అంటే అతన్ని అవమానించినట్టే, రెండొందలు అనుకోండి. సముద్రపు పక్షులు ఎగరడం మానేసి గోడ మీద వరసగా కూర్చుని చూసేవి. అది నా కళ్ళతో చూశాను కనుక నాకు ఎదురు చెప్పేవాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. అంతటివాడు ఒక ఆడమనిషి వేలి కణుపు దగ్గర పడిపోయాడు. నిజానికి ఆమె కణుపు వాడలేదు. అందుకే పడిపోయాడు.

కూజా కొనే వాళ్ళెవరైనా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కణుపుతో రెండుసార్లు కొట్టి చూస్తారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొంగురుగా పలికితే వదిలేస్తారు. ఆ రోజు వచ్చిన తామూ మాత్రం కూజాని చంకలో పెట్టుకుని వెళ్ళిపోబోయింది.

"వాయించి చూసుకో తల్లీ. పగులుంటే రేపొచ్చి నన్ను తిట్టిపోస్తావు."

"పగులున్నదో లేదో నీ ముఖం చూస్తే తెలుస్తోందిలే, కుమ్మరీ."

నెల తిరక్కుండా పెళ్ళయింది. కొండల అవతల ఇసుక దేశం నుంచి వచ్చానంది. తల్లీ తండ్రీ లేరంది. ఇదివరకు పెళ్ళి కాలేదని సాక్షుల ముందు చెప్పి కాగితంలో రాయించింది. బుషాయిబ్ ఆ కాగితం వైపు చూడనైనా లేదు. ముసుగు పక్కనుంచి జారిన ఆమె మెడ వైపు చూస్తున్నాడు.

తర్వాత ఆ ఇంటి సంగతి దిబ్బంతా నవ్వుకునేలా తయారైంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళిన మనిషి సాయంత్రం దాకా సారె దగ్గరికి వచ్చేవాడు కాదు. ఆమె ఒంటి మీద లవంగం వాసన, నారింజ పూల నీళ్ళ వాసన. నలభై రెండేళ్ళుగా మట్టిని మాత్రమే ఎరిగిన చేతులు, మట్టికంటే మెత్తనిది ఒకటుందని తెలుసుకుని మళ్ళీ వెనక్కి రానన్నాయి. ఆమె సిగ్గుపడే మనిషి కాదు. తలుపు గడియ తనే పెట్టేది, దీపం తనే తగ్గించేది. అతని మెడ మీద పెదవులు ఆనించి, "ఇవాళ ఎన్ని కూజాలు చేశావు?" అని అడిగేది. ఒక్కటీ చేయలేదంటే నవ్వేది.

అన్నీ విప్పేది. ఒక్కటి తప్ప.

నడుముకి ఎర్ర ఉన్ని పట్టీ ఒకటి, దానికి ఏడు ముడులు. స్నానాల ఇంట్లో కూడా తీసేది కాదని ఆడవాళ్ళు చెప్పుకునేవారు. అతని చేయి ఆ పట్టీ కిందికి జారిందా, అంతవరకూ నిప్పులా ఉన్న మనిషి చల్లబడిపోయేది. చేయి పట్టుకుని పక్కన పెట్టేది. కడుపు మీద తల ఆనించనిచ్చేది కాదు. ఇంకొక వింత, తలుపుకి ఉన్న ఇనుప తట్టుడు బిళ్ళని వచ్చిన రోజే ఊడదీయించింది. ఎవరొచ్చినా పిలవాలి, తట్టకూడదు. ఎందుకని అడిగితే తలనొప్పి వస్తుందంది. బుషాయిబ్ నమ్మాడు. ఆ మెడని చూస్తూ ఏం చెప్పినా నమ్మేవాడు.

ఎనిమిది నెలలు గడిచాయి. కడుపు పండలేదు.

బుషాయిబ్‌కి మన్నానా అని మేనత్త ఉంది, మంత్రసాని. సఫీలో సగం జనాన్ని ఈ లోకంలోకి లాగింది తనే, మిగతా సగం తన చేతిలో పడలేదు కాబట్టే అలా తగలడ్డారని ఆమె నమ్మకం. అన్నను పోగొట్టుకున్నాక ఈ ఒక్క మేనల్లుడే ఆమెకి మిగిలాడు. ప్రతి శుక్రవారం వచ్చి, కుస్కుస్ పళ్ళెం ముందు కూర్చుని, అతన్ని తిని వెళ్ళేది. దిబ్బ మీద గాడిదలు కూడా ఈనుతున్నాయి, నీ ఇంట్లో ఏమిటి సంగతి అని. నలభై రెండేళ్ళు వచ్చాయి, ఆ సారె నీ తర్వాత ఎవరు తిప్పుతారని. అతనికి ఆ మాట నిజంగా గుచ్చుకునేది. అతనికి కావలసినవి లోకంలో రెండే. తామూ, తామూ కన్న బిడ్డ.

ఒక శుక్రవారం మాటల్లో ఆ పట్టీ సంగతి నోరుజారాడు. ముసలావిడ నమలడం ఆపేసింది.

"ఏడు ముడులా? ఒరేయ్ పిచ్చి నాయనా. అది పట్టీ కాదురా. ఎవడో ఆ పిల్ల కడుపుకి తాళం వేశాడు."

విప్పే దారి కూడా ఆవిడే చెప్పింది. లోపల రాసిన కాగితం ఉంటుంది. సిరా కరిగేదాకా నారింజ పూల నీళ్ళలో కడిగి, ఆ నీళ్ళు దానికే తాగించాలి. రాతతో పడిన తాళం రాత కడిగితే పోతుంది. ఆ దేశంలో జ్వరానికీ అదే మందు, దిష్టికీ అదే మందు. ఇందులో తప్పేమిటని ఎవరికీ తోచదు.

మరుసటి మధ్యాహ్నం తామూ అలసి నిద్రపోతుండగా బుషాయిబ్ తీగె పుచ్చుకున్నాడు, కుండని సారె నుంచి కోసే తీగె. వెంట్రుక అడ్డంగా చీల్చగల చేయి అతనిది, ఆమె శ్వాస కూడా మారలేదు. పట్టీ లోపల తోలు తిత్తి ఉంది. తిత్తిలో మడతపెట్టిన కాగితం. కాగితం నిండా చీమల బారులా గీతలు, మధ్యలో ఒక పేరు. అతనికి చదువు అంతంత మాత్రం. అయినా పేరు కూడబలుక్కున్నాడు.

బుజమా.

మగవాడి పేరు. ఎనిమిది నెలలుగా తన పక్కలో, తనకీ ఆమెకీ మధ్య పడుకున్న మగవాడి పేరు. బుషాయిబ్ చెవుల్లో రక్తం హోరెత్తింది. ఒకవేళ అప్పటిదాకా అత్త మాట మీద ఏ మూలో అనుమానం ఉన్నా, అది అక్కడితో పోయింది. సిరా ఆఖరి చుక్క దాకా కరిగించాడు. సాయంత్రం సూపు గిన్నెలో పోశాడు. ఆమె గిన్నె ఎత్తి తాగుతుంటే గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాడు. "ఇవాళ ధనియాలు ఎక్కువయ్యాయి," అంది తామూ. అంతే.

మూడో రోజు పొయ్యి దగ్గర ఆమె చేతిలోంచి గరిటె జారిపడింది.

బుషాయిబ్ పరుగెత్తి వచ్చేసరికి కడుపు పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది. నడుము తడుముకుంటోంది. పట్టీ తన చోటే ఉంది, అతనే తిరిగి కుట్టేశాడు. ఆమె వేళ్ళు తిత్తిని నొక్కాయి. లోపల కాగితం లేదు.

"ఏం తాగించావు నాకు?"

చెప్పాడు. ఆమె అరవలేదు. కిందికి జారి నేల మీద కూర్చుంది. ఆ తర్వాత చెప్పింది, నేలకేసి చూస్తూ.

బుజమా ఆమె మొదటి భర్త. ఇసుక దేశంలో నేల కింద నీటి సొరంగాలు తవ్వేవాడు. అక్కడ ఇద్దరు మనుషులు రెండు బావుల్లోంచి దిగి ఒకరివైపు ఒకరు తవ్వుకుంటూ వస్తారు. చీకట్లో దిక్కు తెలీదు. అందుకని ఒకడు గోడ మీద మూడు దెబ్బలు కొడతాడు, అవతలివాడు రెండు కొడతాడు. ఎక్కడినుంచి జవాబు వస్తే అక్కడికే తవ్వాలి. జవాబు రానంతవరకు కదలకూడదు. పదేళ్ళ పిల్లాడు మొదలుకుని అందరికీ తెలిసిన కట్టుబాటు అది.

ఒక రోజు సొరంగం కూలింది. బుజమా లోపల ఉండిపోయాడు. మూడు దెబ్బలు వినిపించాయి. కానీ అతని కోసం తవ్వితే సొరంగమంతా కూలుతుంది, ఊరికి నీళ్ళు పోతాయి. పెద్దలు కూర్చుని తేల్చేశారు, ఎవరూ జవాబు ఇవ్వకూడదని. ఊరంతా పైన కూర్చుని విన్నది. తామూ కూడా కూర్చుంది, చెంగు నోట్లో కుక్కుకుని. ఆమె చేయి లేవలేదు. ఒక్కసారి కూడా లేవలేదు.

"అప్పుడు నాకు ఐదో నెల. నేను కొట్టలేదు కుమ్మరీ. లోపలిది కొట్టింది. రెండు దెబ్బలు... సరిగ్గా రెండు."

ఆ మరుసటి రోజు దెబ్బలు ఆమె కూర్చున్న చోటికి కాస్త దగ్గరగా వినిపించాయి. ఆ మరుసటి రోజు ఇంకొంచెం దగ్గరగా. పద్దెనిమిది రోజులు. తిండీ గాలీ లేకుండా మనిషి పద్దెనిమిది రోజులు బతకడని అందరికీ తెలుసు. మసీదు అయ్యవారు కాగితం రాసి కడుపులో బిడ్డని నిద్రపుచ్చాడు. అలా నిద్రపోయిన బిడ్డలు అక్కడ కొత్త కాదు. భర్త దూరదేశం పోతే నిద్రపుచ్చుతారు, తిరిగి వస్తే లేపుతారు. నిద్రలో ఉన్నంతకాలం కడుపు పైకి కనబడదు. జవాబు ఆగగానే కింద చప్పుడు కూడా ఆగింది. ఆమె కొండలు దాటి పారిపోయింది.

పదకొండేళ్ళు.

"ముందే చెబితే చేసుకునేవాడివా?"

అవునంటే అబద్ధమే అయ్యేది. బుషాయిబ్ ఆమె పక్కన కూలబడి, ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ కడుపు మీద అరచేయి పెట్టాడు. లోపలినుంచి తన్నింది. ఒకటి. రెండు. సారె మీద మట్టి ముద్ద కూడా అతని చేతిని ఎప్పుడూ అలా పలకరించలేదు. ఏడుపొచ్చింది. ఎవడి బిడ్డయితేనేం, అతనికి ఇక ఆ రెంటినీ వదులుకునే శక్తి లేదు.

పది రోజుల్లో కడుపు ఏడో నెలంత అయింది. మన్నానా చేయి వేసి చూసి, వేసిన చేయి చటుక్కున తీసేసుకుంది. తన నోరే ఇంత చేసిందని తెలిశాక ఆవిడ శుక్రవారాలు కూడా మాట్లాడటం మానేసింది. ఆ ఇంట్లోనే చాప వేసుకుంది.

పన్నెండో రోజు పొగమంచు పట్టింది. సముద్రం మీదినుంచి తెల్లగా ఎక్కి వచ్చి పట్టపగలే దిబ్బని మింగేసింది. పక్కింటి గోడ కూడా కనిపించలేదు. పని ఆగిపోయింది. సారెలు ఆగాయి, గాడిదలు మూగబోయాయి. బుషాయిబ్ ఆరబెట్టిన పచ్చి కూజాల మధ్య నిలబడి ఉన్నాడు. తడి మట్టి వాసన వేసింది. అది అతని మట్టి కాదు. ఎండలో కాగిన ఎర్రమట్టి మీద నీళ్ళు పడితే వచ్చే వాసన.

కాళ్ళ కింద... ఎక్కడో చాలా లోతున...

టక్. టక్. టక్.

పచ్చి కూజాలు సన్నగా వణికాయి.

లోపలి గదిలోంచి తామూ మూలుగు. ఆమె పరుపుని కడుపుకి అదుముకుంటోంది. ఉన్ని దుప్పట్లు ఏడు చుట్టింది. వాటన్నిటి కిందనుంచీ వినిపించింది, స్పష్టంగా.

టక్. టక్.

ఆ తర్వాత బుషాయిబ్ చేసినవి ఇంకో మనిషి చేయలేడు. ఒంటి చేత్తో నలభై గాడిదల మోత మట్టి మోసి ఇంటి నేలని మనిషెత్తు లేపాడు. రేవునుంచి సముద్రపు నీళ్ళు తెచ్చి చుట్టూ కందకం నింపాడు. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ కంటికి రెప్ప వేయలేదు. దెబ్బలు ఆగలేదు, రోజుకింత పైకి వచ్చాయి. తామూని బస్సెక్కించి మొగడోర్ ఊరికి తీసుకుపోయాడు. అక్కడి సత్రంలో దిగిన పూటే గచ్చు కింద మూడు దెబ్బలు వినిపించాయి. తిరిగొచ్చాడు. పడవ మీద సముద్రంలోకి వెళితే నేలే ఉండదు కదా అనుకున్నాడు. పడవవాళ్ళ కాళ్ళు పట్టుకున్నాడు. వల వేసే పడవలో నిండు గర్భిణి కాలు పెడితే ఇక చేప అన్నదే పడదన్నారు వాళ్ళు.

ఇంక మిగిలింది ఒక్కటే. కింద ఉన్నవాడికి కళ్ళు లేవు. జవాబు ఎక్కడుంటే అక్కడికి వస్తాడు. అయితే జవాబు ఇంకోచోటినుంచి ఇవ్వాలి. బిడ్డ కంటే ముందు, బిడ్డ కంటే గట్టిగా.

ఆ మాట చెబితే తామూ అతని చొక్కా పట్టుకుంది. అంత కడుపుతో, అంత భయంతో కూడా, అతని మెడ మీద పెదవులు ఆనించింది.

"వద్దు. నీ దగ్గరికి వస్తాడు."

"రానీ. సముద్రం దాకా తీసుకుపోతాను."

"నేను ఒకసారి కూర్చుని విన్నాను కుమ్మరీ. రెండోసారి వినలేను."

"వినకు. చెవులు మూసుకో. బిడ్డని కను."

అతను వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దెబ్బలు వచ్చాయి, మూడు. కడుపులోది కదిలేలోపు బుషాయిబ్ పిడికిలి బిగించి, కణుపులతో నేల మీద రెండు కొట్టాడు. నిశ్శబ్దం. కింద ఏదో ఆలోచిస్తున్నట్టు నిశ్శబ్దం. మళ్ళీ మూడు... ఈసారి ఇంటివైపు కాదు. అతని వైపు.

అలా నడిపించాడు. సందు చివరిదాకా ఒక పగలు. ఊరి గోడ దాకా ఇంకో పగలు. పొగమంచులో జనం అతన్ని చూసి పిచ్చి పట్టిందనుకుని తప్పుకున్నారు. నాలుగడుగులకి ఒకసారి వంగడం, కొట్టడం, చెవి ఆనించడం. కణుపుల తోలు చిట్లింది. ఎముక తెల్లగా కనబడింది. అయినా కొట్టాడు, ఆ చేతులతో మళ్ళీ సారె తిప్పలేనని తెలిసి కొట్టాడు. వెనక, నేల కింద, చప్పుడు నమ్మకంగా వస్తోంది, పెంచిన కుక్కలా.

మూడో రోజు మధ్యాహ్నం దాటాక కొండకొమ్ము చేరాడు. కింద అలలు బండలకి కొట్టుకుంటున్నాయి. ఇక ముందు నేల లేదు. కొమ్ము చివర బండ మీద బోర్లా పడుకుని కొట్టాడు.

టక్. టక్.

జవాబు పొట్ట కిందే వచ్చింది. బండ వణికింది. చెవి ఆనించాడు. బండ వెచ్చగా ఉంది... అవతల గోకుతున్నారు. గోళ్ళతో... ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ గోకుతున్నారు. ఎర్రమట్టి వాసన. చాలా దగ్గర. మూరెడు. జానెడు కూడా లేదు...

దూరంగా ఊళ్ళో పొద్దు వాలే వేళ చేసే అసర్ నమాజుకి పిలుపు వినిపించింది.

మూడు దెబ్బలు. అతని గుండె మీదే కొట్టినట్టు.

"ఇక్కడే ఉన్నాను," అని గొణిగి, బుషాయిబ్ రెండు కొట్టాడు.

ఏమీ లేదు.

మళ్ళీ కొట్టాడు. మళ్ళీ. గోకడం లేదు. ఊపిరి లేదు. బండ అతని చెంప కింద నెమ్మదిగా చల్లబడింది. కొమ్ము అంచున తల వేలాడదీసి కిందికి చూశాడు. అలలు, నురుగు, పక్షులు. అంతే. పడిపోయాడు. బుజమా సముద్రంలో పడిపోయాడనుకున్నాడు. బుషాయిబ్ అక్కడే కూర్చుని పెద్దగా ఏడ్చాడు, తర్వాత పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు రేవు దాకా వినిపించిందని పడవవాళ్ళు నాతో ఒట్టేసి చెప్పారు.

పరుగున ఇల్లు చేరేసరికి పొగమంచు విడిపోయింది. మన్నానా వాకిట్లోనే కూర్చుని ఉంది, ఒళ్ళో బట్టల మూట, పక్కన ఇత్తడి పళ్ళెం. తామూ బతికే ఉందా అని అడిగాడు. ఉందని తల ఊపింది. బిడ్డ? మగపిల్లాడు. బతికే ఉన్నాడు. బుషాయిబ్ గడపకి ఆనుకుని ఆవిడ ముందు కూలబడ్డాడు. అంతా అయిపోయింది అత్తా అన్నాడు. సముద్రం దాకా లాక్కుపోయాను, అసర్ పిలుపుతో చప్పుడు ఆగిపోయింది, ఇక రాడు అన్నాడు.

మన్నానా అతని వైపు చూడలేదు.

"అసర్ పిలుపుకేరా," అంది గుసగుసగా. "సరిగ్గా అప్పుడే పుట్టాడు."

లోపలి గదిలో తామూ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను పిలిచాడు. ఆమె భుజాలు కదిలాయి. కానీ ఇటు తిరగలేదు.

"పిల్లాణ్ణి నాలుగుసార్లు కడిగాను," అంది మన్నానా. "ఇంకా వస్తూనే ఉంది."

ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. నెత్తురనుకున్నాడు. వేలు ముంచాడు. వేలికి ఇసుక తగిలింది. కొండల ఇవతల ఎక్కడా దొరకని ఎర్రమట్టి. కుమ్మరి వేలు మట్టిని గుర్తుపట్టడంలో పొరబడదు.

ఆవిడ ఒళ్ళోని మూట విప్పాడు. పసివాడి పిడికిళ్ళు గట్టిగా మూసి ఉన్నాయి. ఒక్కొక్క వేలూ తెరిచాడు. చిన్న చిన్న గోళ్ళు. పుట్టి రెండు గంటలు కాలేదు, అన్నీ సగానికి అరిగిపోయి ఉన్నాయి.

పసివాడు ఏడవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు బుషాయిబ్ ముఖం వైపు చూడటం లేదు. ముక్కలైపోయిన అతని కణుపుల వైపు చూస్తున్నాయి, ఎన్నాళ్ళుగానో ఎరిగినవాళ్ళని చూసినట్టు.